కుడిచేతుల భాగీరథమ్మ

బెంగళూరు కె.ఆర్.పురంలో రైలు పట్టాలకు ఇవతల ఎనిమిది ఇళ్ల వఠారం ఒకటి ఉంది. అక్కడ పొద్దున ఆరున్నరకు కొళాయి వస్తుంది. కొళాయితో పాటే జనం బయటికొస్తారు. బిందెలు, బకెట్లు, నురగ నోళ్లతో పిల్లలు, ఒక చేత్తో పైపూ ఇంకో చేత్తో ఫోనూ పట్టుకున్న మొగవాళ్లు. ఆ సందడి మధ్యలో మూడో ఇంటి తలుపు తెరుచుకుని భాగీరథమ్మ గడప దాటుతుంది. అప్పుడు తీగ మీద ఆరేసిన చొక్కాల్లో నాలుగో అయిదో, గాలి ఉన్నా లేకపోయినా, కుడి చెయ్యి మెల్లగా పైకెత్తుతాయి.

"క్లిప్పు గట్టిగా పెట్టే, చొక్కా జారి బురదలో పడతాది," అని లోపలినుంచి సహన వాళ్లమ్మ అరుస్తుంది.

సహన పుస్తకంలోంచి తల ఎత్తకుండానే వెళ్లి క్లిప్పు బిగించి వస్తుంది. దానికి పద్నాలుగేళ్లు. ఒకచోట కూర్చుంటే మోకాలు ఆడుతూనే ఉంటుంది. లైబ్రరీనుంచి తెచ్చిన లావు పుస్తకాలూ, ఫోనులో చూసిన ధర్నా ఉపన్యాసాలూ కలిసి ఆ బుర్రలో ఎప్పుడూ ఒక ఊరేగింపు నడుస్తూ ఉంటుంది. నీళ్లు ఆలస్యమైతే "ఇది వ్యవస్థ వైఫల్యం" అంటుంది. దోసె మాడినా దాదాపు అదే అంటుంది.

భాగీరథమ్మ మార్కెట్ పక్క నగర్తపేటలో అశ్వత్థప్ప కుట్టు కార్ఖానాలో ఇరవై ఆరేళ్లుగా పని చేస్తోంది. అది స్కూలు యూనిఫారాలు, వాటి మధ్యలో మామూలు చొక్కాలూ కుర్తీలూ కుట్టే కార్ఖానా. అక్కడ ఎవరూ చొక్కా కుట్టరు. ఒకరు కాలరు కుడతారు, ఒకరు జేబు, ఒకరు కాజాలు. ఎవరి ముక్క వాళ్లది. పొద్దున పట్టుకున్న ముక్కనే సాయంత్రం వదులుతారు, మర్నాడు మళ్లీ దాన్నే పట్టుకుంటారు. భాగీరథమ్మది కుడి చెయ్యి. చొక్కా ఒంటికి కుడి చేతిని అతికి పక్కకు తోయడం ఆమె పని. అలా అతికిన చేతులు ఆమెను గుర్తుపడతాయి. ఆమె చూపు ఆనే దూరానికి వచ్చిందంటే పైకి లేస్తాయి. చొక్కాలో మనిషి ఉంటే మనిషి చెయ్యి కూడా లేస్తుంది. అక్కడ అవ్వను అజ్జి అంటారు. మార్కెట్ బస్సు కండక్టరు ఆమె మెట్టెక్కగానే "అజ్జి వచ్చింది, లేచిన చేతులు కడ్డీ పట్టుకోండప్పా, ఖాళీగా ఎందుకు" అంటాడు. పట్టుకుంటారు. ఆమె దిగిపోయాక ఎవరి చెయ్యి వాళ్ల ఒళ్లోకి వస్తుంది. అశ్వత్థప్ప మాత్రం తన కార్ఖానాలో కుట్టిన చొక్కా ఒక్కనాడూ వేసుకోలేదు. అలాంటివాళ్లు వేసుకోరు.

సహన చదివే స్కూలు బ్రూక్‌ఫీల్డ్‌లో ఉంది. అద్దాల ఆఫీసుల మధ్య అద్దాల స్కూలు. ఎనిమిదో తరగతి దాకా సర్కారు కోటాలో ఉచిత సీటు. తొమ్మిదినుంచి స్కూలువాళ్ల దయ. ఆ దయే కిందటి జూన్‌లో ప్రిన్సిపాల్ గది బయట బెంచీ మీద వాళ్ల నాన్న గురప్పను గంటన్నర కూర్చోబెట్టింది. గురప్ప ఆటో నడుపుతాడు. ఆ గంటన్నరలో ఆయన ఒక్కసారి కూడా కాలు మీద కాలు వేసుకోలేదు.

ఆ ఏడాది నవంబరులో తొమ్మిదో తరగతి పిల్లలకు ఒక ప్రాజెక్టు ఇచ్చారు. 'నాకు స్ఫూర్తినిచ్చిన వ్యక్తి.' ఆ మనిషి జీవితం గురించి పరిశోధన చెయ్యాలి. పెద్ద చార్టు తయారుచెయ్యాలి. తర్వాత స్టేజీ మీద మాట్లాడాలి. చార్టు మీద పేరు రాయకూడదు, వెనక నంబరు మాత్రం ఉండాలి. మార్కులేసేవాళ్లకు ఎవరిదో తెలియకూడదు కదా. ఇంకో నియమం కూడా ఉంది. మూడు ఆధారాలు చూపించాలి: ఒక పుస్తకం, ఒక పత్రిక, ఒక వెబ్‌సైటు. అంటే, ఎవరి గురించి ఇదివరకే పుస్తకాలు అచ్చయ్యాయో వాళ్లనుంచి మాత్రమే స్ఫూర్తి పొందవచ్చునన్నమాట.

"నీ పర్సన్ ఎవరు సహనా?" అని అడిగింది క్లాస్ టీచర్ కిరణ్మయి మిస్. విజయవాడనుంచి మూడేళ్ల కింద వచ్చిందామె.

"భాగీరథమ్మ."

"ఫ్రీడమ్ ఫైటరా?"

"కాదు మిస్. మా వఠారం. కుడి చేతులు అతుకుతుంది."

"ఓ, బస్సులో అందరి చేతులూ లేపుతుందే, ఆమేనా? మొన్న నా కుర్తీ కూడా లేచింది. నైస్ లేడీ," అంది మిస్. "కానీ సోర్సెస్ ఏం చూపిస్తావ్ రా?"

వెనక బెంచీలో చేతన్ నవ్వాడు. వాళ్ల తాత ఏదో కంపెనీ స్థాపించాడు. చేతన్ ప్రాజెక్టు ఆ తాతే. "మా తాత కంపెనీ పెట్టాడు. మీ అజ్జి ఏం పెట్టిందమ్మా?"

"చెయ్యి పెట్టింది. నువ్వు తొడుక్కున్నావు చూడు, అది," అంది సహన.

క్లాసంతా గొల్లుమంది. సహన మోకాలు మాత్రం ఆగలేదు.

రెండు శనివారాలు సహన భాగీరథమ్మ వెంట నగర్తపేటకు పోయింది. బట్టల బేళ్లు దించే సందుల్లోంచి, ఇద్దరు ఎదురైతే ఒకరు గోడకు అంటుకోవాల్సిన మెట్లెక్కి రెండో అంతస్తు. పద్నాలుగు మిషన్లు ఒకేసారి మోగుతుంటే పళ్లలోకి వణుకు వచ్చేది. శనివారాలు అశ్వత్థప్ప వసూళ్లకు పోతాడు, కార్ఖానాలో ఉండడు. సహన నోటుబుక్కు తెరిచి, సిద్ధం చేసుకొచ్చిన ప్రశ్నలు అడిగింది.

"మీ శ్రమను దోచుకుంటున్నారని మీకు ఎప్పుడు తెలిసింది?"

భాగీరథమ్మ గుడ్డ మీదనుంచి కన్ను తియ్యలేదు. "ఏందమ్మా ఆ మాట? ఇట్ల చూడు, ఈ చంక వంపు ఉండాదే, ఈడ గుడ్డ పొంగుతాది. లాగితే ముడత. వదిలితే బుంగ. సముదాయించాల. బిడ్డను నిద్రపుచ్చినట్ల."

"అది సరే అజ్జీ. తిరగబడాలని ఎప్పుడూ అనిపించలేదా?"

"తిరగబడితే దారం తెగుతాదే తల్లీ."

సహన నిట్టూర్చింది. ఆమె చెప్పినవన్నీ నోటుబుక్కులో ఎక్కించింది, ముత్యాల్లాంటి అక్షరాలతో పదకొండు పేజీలు. కానీ ఆదివారం పొద్దున నేల మీద చార్టు పరిచి, ఎర్ర స్కెచ్చు మూత తీసి కూర్చున్నాక, ఆ పదకొండు పేజీల్లో పనికొచ్చేది ఒక్కటీ కనబడలేదు. చంక వంపు చూసి ఎవరి రక్తం ఉడుకుతుంది? స్ఫూర్తి అంటే పిడికిలి ఉండాలి. కన్నీళ్లు ఉండాలి. శత్రువు ఉండాలి. అందుకని తనకు తెలిసిన మాటలు తెచ్చి పెట్టింది. మధ్యలో భాగీరథమ్మ బొమ్మ గీసి, నోటి దగ్గర బుడగ గీసి, బుడగలో ఇలా రాసింది: 'అశ్వత్థప్ప లాంటి జలగలు మా రక్తం తాగి బలిశారు! దోపిడీ నశించాలి! మేల్కోండి!'

రాసి, దూరం జరిగి చూసుకుంది. ఒళ్లు జలదరించింది. అంత బాగుంది.

చార్టులన్నీ సోమవారం వరండాలో వేలాడదీశారు. సహనది పదిహేడో నంబరు. మంగళవారం అశ్వత్థప్ప కొత్త కొలతల కోసం స్కూలుకొచ్చాడు. మెడలో టేపు వేసుకుని వరండాలో నడుస్తూ, ఒకచోట ఆగి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

బుధవారం మధ్యాహ్నమే భాగీరథమ్మ ఇంటికొచ్చేసింది. ఇరవై ఆరేళ్లలో మధ్యాహ్నపు వఠారం ఎలా ఉంటుందో ఆమె చూడటం అదే మొదలు. గడప మీద కూర్చుంది. తీగ మీద చొక్కాలు చేతులెత్తాయి. ఆమె లోపలికి పోలేదు కాబట్టి అవీ దించలేదు.

సాయంత్రం స్కూలు బ్యాగుతో వచ్చిన సహనను పిలిచింది.

"సావుకారు ఒక మాట అడిగినాడమ్మా. 'నేను జలగనా?' అని. ఒకటే మాట, నాలుగుసార్లు. 'నేను జలగనా భాగీరథమ్మా? జలగ దగ్గర నీకేం పని, ఇంట్లో ఉండు పో' అనినాడు." ఆమె ఒళ్లోని దారపు పోగును వేలికి చుట్టుకుంటూ ఉంది. "నేను అట్ల చెప్పినానా?"

సహన బ్యాగు కింద పెట్టింది. "చెప్పలేదు. అది... దాని భావం అజ్జీ."

"భావమా?"

"అంటే, మీ మనసులో ఉన్నది, మీ వర్గం తరఫున..."

"నా నోరు గీసి, అందులో నీ భావం పెడితివా?" అంది భాగీరథమ్మ. కోపంగా కాదు. కుట్టు ఎక్కడ తప్పిందో వెతుకుతున్నట్టు అంది.

సహన బ్యాగు ఎత్తుకుని ఇంట్లోకి పోయింది.

గురువారం, శుక్రవారం భాగీరథమ్మ గడప మీదే ఉంది. చేతులకు పని లేకపోతే ఆమెకు ఊపిరి ఆడదు. చిక్కుడుకాయలు తుంచింది. ఎదురింటివాళ్ల చిక్కుడుకాయలు కూడా తుంచింది. అరుగు తుడిచింది, మళ్లీ తుడిచింది. తీగ మీద చొక్కాలు పగలంతా చేతులు పైకే పెట్టి, అలాగే ఎండి, అలాగే బిగుసుకుపోయాయి. ఇస్త్రీ బండి జోగయ్య "ఈ చేతులు వంగేది లేదమ్మా, ఆమెను కాస్త లోపల కూర్చోమనండి" అని మొర పెట్టుకున్నాడు. ఎవరూ ఆమెతో ఆ మాట అనలేదు.

స్కూల్లో పదిహేడో చార్టు గోడ మీదనుంచి మాయమైంది. అది ఎవరిదో చెప్పే జాబితా కిరణ్మయి మిస్ దగ్గరుంది. "లిస్ట్ ఎక్కడో మిస్ అయింది సర్, వెతుకుతున్నాను," అని ఆమె ప్రిన్సిపాల్‌తో చెప్పింది. క్లాసులో అందరికీ తెలుసు, కానీ చేతన్ కూడా నోరు విప్పలేదు. తర్వాత మిస్ మెట్ల దగ్గర సహనను ఆపి, చుట్టూ చూసి, గొంతు తగ్గించింది. "శనివారం అసెంబ్లీలో అడుగుతారట. ఆ యూనిఫామ్ సర్ కూడా వస్తున్నాడు. ఎవరు రాశారో లేచి సారీ చెప్పాలట. లేకపోతే ఆ లేడీని మళ్లీ పనిలో పెట్టుకోడట. నువ్వు మాట్లాడకు. నీ సీటు సంగతి నాకు తెలుసు కదా. ప్లీజ్ రా."

ఇంట్లో గురప్ప కూతురి మొహం చూశాడు, ఆటో అద్దం తుడవటం మొదలుపెట్టాడు. తుడిచిన అద్దాన్నే పావుగంట తుడిచాడు.

శుక్రవారం సాయంత్రం సహన వెళ్లి భాగీరథమ్మ పక్కన గడప మీద కూర్చుంది.

"రేపు ఏం అడుగుతారు?" అంది భాగీరథమ్మ.

"రాసిందెవరో చెయ్యెత్తమంటారు."

"ఎత్తితే?"

"నా సీటు పోతాది."

"ఎత్తకపోతే?"

"నీ మిషను పోతాది."

భాగీరథమ్మ ఒక చిక్కుడుకాయ ఈనె తీసి పక్కన పెట్టింది. ఇంకోటి తీసింది. "నువ్వు తొమ్మిదో క్లాసు కదా," అంది చివరికి.

శనివారం హాల్లో మూడు వందల మంది పిల్లలు. అందరి ఒంటి మీదా లేత నీలం చొక్కాలు, అన్నీ అశ్వత్థప్ప కార్ఖానావే. ఆయన ముందు వరసలో, తెల్ల ఖద్దరు చొక్కాలో, కుర్చీ అంచున కూర్చున్నాడు. సహన ఏడో వరసలో ఉంది. రెండు మోకాళ్లూ ఆడుతున్నాయి.

ముందు ప్రాజెక్టులు నడిచాయి. ఒకమ్మాయి క్రికెటర్ గురించి చెప్పింది. చేతన్ తాత గురించి చెప్పాడు, స్లైడులు వేశాడు, తాత రిబ్బను కత్తిరిస్తున్న ఫొటోలే ఆరు. ప్రతి ఒక్కరి తర్వాతా ప్రిన్సిపాల్ "ఎనీ క్వెశ్చన్స్?" అన్నాడు. ఎవరికీ ఒక్క సందేహం కూడా రాలేదు. అంత స్ఫూర్తి పొందాక సందేహాలు ఎందుకుంటాయి.

తర్వాత ఆయన పదిహేడో చార్టు తెప్పించి విప్పి పట్టించాడు. ఎర్ర అక్షరాలు హాలంతా కనబడ్డాయి. జలగ అన్న మాట తెలుగులో ఉన్నా ఎలాగో అందరికీ అర్థమైంది. సహన మనసు పెట్టి పక్కనే జలగ బొమ్మ కూడా గీసింది కదా.

"ఇది ఎవరు రాశారు?" అన్నాడు ప్రిన్సిపాల్. "చెయ్యెత్తండి. ఎవరినీ ఏమీ అనను."

చివరి మాట అబద్ధమని ఒకటో తరగతి పిల్లలకు కూడా తెలుసు.

సహన తన కుడి చేతికి చెప్పింది, లే అని. లేవలేదు. ఎన్ని సభల వీడియోలు చూసింది! ఎన్ని వేల పిడికిళ్లు! నోటుబుక్కు అట్టల మీద, బాత్రూము గోడ మీద, ఆవిరి పట్టిన బస్సు అద్దం మీద ఎన్ని పిడికిళ్లు గీసింది! ఇప్పుడు సొంత చెయ్యి ఒళ్లో తడిగుడ్డలా పడుంది. జూన్ నెల బెంచీ కనబడింది. కాలు మీద కాలు వేసుకోని నాన్న కనబడ్డాడు. చెయ్యి ఇంకా బరువెక్కింది.

అప్పుడు హాలు వెనక తలుపు తెరుచుకుంది.

భాగీరథమ్మ. పనికి పోయే చీరే కట్టుకుని, చేతిలో టిఫిన్ సంచీతో. బడి పిల్లల గుంపు ఎదురైతే ఎప్పుడూ అవతలి పక్కకు దాటిపోయే మనిషి, పిల్లలకు ఇబ్బందని. ఇవాళ నేరుగా లోపలికొచ్చి, అందరూ కనబడేలా మధ్యదారిలో నిలబడింది.

మూడు వందల కుడి చేతులు పైకి లేచాయి.

కొందరు ఆవులించారు. ఒకడు ఎలాగూ చెయ్యి పైకి వచ్చింది కదాని తల గోక్కున్నాడు. "చొక్కాల అజ్జి రా," "కాదురా, బస్ అజ్జి," అని గుసగుసలు. ప్రిన్సిపాల్ అలవాటు కొద్దీ "హ్యాండ్స్ డౌన్" అన్నాడు. ఆమె ఉన్నంతసేపూ దిగవని గుర్తొచ్చి ఊరుకున్నాడు. హాలంతా ఒకసారి చూసి, ఏడో వరస దగ్గర చూపు ఆపాడు.

అక్కడ ఒకే ఒక్క చెయ్యి కిందుంది.

సహన చొక్కా కూడా ఆ కార్ఖానాదే. కానీ జూన్‌లో చంకలు బిగుతయ్యాయని వాళ్లమ్మ రెండు చేతులూ ఊడదీసి, లోపల గుడ్డ ముక్క వేసి, మళ్లీ తన చేత్తో కుట్టింది. ఆ చెయ్యి ఇప్పుడు అమ్మది. దానికి భాగీరథమ్మ ఎవరో తెలియదు.

"చూడండి సర్," అన్నాడు ప్రిన్సిపాల్ అశ్వత్థప్ప వైపు తిరిగి. పెద్ద తలనొప్పి తప్పిందన్న సంతోషం ఆయన గొంతులో దాగలేదు. "రాసినవాళ్లు చెయ్యెత్తమన్నాను. అందరూ ఎత్తారు. రాయనిది ఆ అమ్మాయి ఒక్కతే. మూడు వందల మందిని నేనేం చెయ్యను? వదిలేద్దాం."

అశ్వత్థప్ప లేచాడు. "అట్లయితే నా మాట నాది," అన్నాడు కన్నడంలో. "ఆమె ఇంగ రానక్కరలేదు."

సహన వెనక్కి తిరిగి చూసింది. భాగీరథమ్మ తల చిన్నగా ఊపింది. బస్సులో ముసలాయనకు సీటు ఇచ్చి పక్కకు జరిగి నిలబడ్డప్పుడు ఊపినట్టు. పని అయిపోయింది, నువ్వు కూర్చో అన్నట్టు. సహనకు అప్పుడర్థమైంది. ఆమె దారి తప్పి రాలేదు. పొద్దున రెండు బస్సులు మారి, తన చేతులన్నీ లేపి, తనను వాటి మధ్య దాచడానికే వచ్చింది.

సహన కుడి చెయ్యి లేచింది. ఏ చొక్కా ఎత్తలేదు. గుండెనుంచి భుజానికి, భుజంనుంచి మోచేతికి, బావిలోంచి నిండు బిందె లాగినట్టు లాగింది.

ఎవరూ చూడలేదు. మూడు వందల చేతుల్లో అదొక చెయ్యి.

అశ్వత్థప్ప నడవడం మొదలుపెట్టాడు. ప్రిన్సిపాల్ మైకు సర్దుకుంటున్నాడు. సహన ఇంకా పైకి చాచింది. ఊపింది. పక్కపిల్ల విసుక్కుంది. ఇంక గతిలేక బెంచీ ఎక్కి నిలబడింది.

"నేనే రాశాను!"

ఇంగ్లీషులో మొదలుపెట్టింది. భాగీరథమ్మకు అర్థం కాదని గుర్తొచ్చి కన్నడంలోకి దిగింది, అక్కడినుంచి ఇంటి తెలుగులోకి జారింది. "జలగ అన్నది నేను. రక్తం అన్నది నేను. బుడగలో ఉన్న మాటలన్నీ నావే. నావి కూడా కాదు, యాడనో చదివినవి. అజ్జి వాటిలో ఒక్కటి కూడా అనలేదు."

కిరణ్మయి మిస్ కళ్లు మూసుకుంది. అశ్వత్థప్ప మధ్యదారిలో ఆగాడు.

"మరి ఏమనింది?" అన్నాడు.

సహన నోరు తెరిచింది. బుర్రలో ఊరేగింపు ఆగిపోయి ఉంది. జెండాలు లేవు, ఏమీ లేవు. నోటుబుక్కులో రాసి వదిలేసిన పదకొండు పేజీలు మాత్రం ఉన్నాయి.

"చంక వంపు దగ్గర గుడ్డ పొంగుతాది, సముదాయించాల అనింది. నాలుగు గంటలకు సావుకారు తానే టీ తెచ్చిస్తాడు, చక్కెర మాత్రం ఎక్కువేస్తాడు అనింది."

ఎవరో కిసుక్కుమన్నారు. అశ్వత్థప్ప మొహం కొంచెం సడలింది.

"స్టూలు నాలుగు వేళ్లు తక్కువ అనింది."

"ఏందీ?"

"స్టూలు. మిషనుకు నాలుగు వేళ్లు తక్కువ. ఒక్కో చెయ్యి అతికేటప్పుడు భుజం పైకెత్తి పట్టుకోవాలంట. అట్ల పట్టి పట్టి ఇప్పుడు ఆమె కుడి చెయ్యి భుజం దాటి లేవదు. తల ఎడమ చేత్తో దువ్వుకుంటాది." సహన చార్టు వైపు చెయ్యి చూపింది. "నేను అది చార్టులో రాయలేదు. చిన్న సంగతి అనుకున్నాను."

మూడు వందల చేతులు పైకి లేచి ఉన్న హాల్లో, అందరూ వెనక్కి తిరిగి, వాటిని లేపిన మనిషి కుడి చెయ్యి వైపు చూశారు. అది టిఫిన్ సంచీ పట్టుకుని కిందికి వేలాడుతోంది.

"ఎన్నాళ్లనుంచి?" అన్నాడు అశ్వత్థప్ప.

"మొదటినుంచి," అంది భాగీరథమ్మ.

"ఇరవై ఆరేండ్లు! నాకు చెప్పకూడదా?"

"ఎవురు అడిగినారప్పా? ఈ పాప అడిగింది, చెప్తిని."

అశ్వత్థప్ప పక్కనున్న కుర్చీ దగ్గర వంగి, కాలి అడుగున తన నాలుగు వేళ్లు ఆనించి, తల ఎత్తాడు.

"ఇంతా?"

"అవి నీ వేళ్లు. లావు," అంది భాగీరథమ్మ. "నా వేళ్లతో నాలుగు."

ఆయన చాలాసేపు ఆ కుర్చీ కాలు దగ్గరే వంగి ఉన్నాడు. లేచేటప్పుడు నడుము పట్టుకున్నాడు. "సోమవారం వచ్చి కొలత చూపించు. వడ్రంగిని పిలిపిస్తా," అన్నాడు. తర్వాత బెంచీ మీద నిలబడ్డ పిల్లను చూసి, కోపం ఇంకా పూర్తిగా పోలేదని తెలియడానికి, "జలగ అంట, జలగ!" అన్నాడు. ముందు వరసకు తిరిగొచ్చి కూర్చున్నాడు.

"సహనా, సోమవారం మీ నాన్నను తీసుకురా," అన్నాడు ప్రిన్సిపాల్ మైకులో. "దిగు."

సహన దిగింది. మోకాళ్లు ఆడటం లేదు.

భాగీరథమ్మ సంచీ సర్దుకుని, పిల్లల చేతులు నొప్పి పుడతాయనేమో, గబగబా తలుపు వైపు నడిచింది. ఆమె గడప దాటి మెట్లు దిగగానే చొక్కాలు వదిలేశాయి. మూడు వందల చేతులు చిన్న వానలా ఒళ్లో పడ్డాయి.

అన్నీ పడలేదు. అక్కడొకటి, ఇక్కడొకటి. సహన లెక్కపెట్టింది. పదకొండు.

"హ్యాండ్స్ డౌన్," అన్నాడు ప్రిన్సిపాల్. "ఆమె వెళ్లిపోయింది."

దిగలేదు. ఆయన విసుగ్గా, దగ్గరున్న చేతిని చూపించాడు. అయిదో తరగతి అమ్మాయి, రెండు జడలు.

"ఏమిటి?"

"క్వెశ్చన్ సర్," అంది ఆ పిల్ల. "మరి ఎడమ చెయ్యి ఎవరు పెడతారు?"

ప్రిన్సిపాల్ కిరణ్మయి మిస్ వైపు చూశాడు. ఆమె సహన వైపు చూసింది. సహనకు తెలియదు. రెండు శనివారాలు ఆ గదిలో కూర్చుంది, పద్నాలుగు మిషన్ల మోత పళ్లలో నింపుకుంది, అయినా అడగలేదు.

"కెంపమ్మ," అన్నాడు అశ్వత్థప్ప ముందు వరసలోంచి. అందరూ ఆయన వైపు తిరిగారు. ఇంకేదో చెప్తాడని చూశారు. ఆయన కూడా చెప్పబోయినట్టే నోరు తెరిచాడు. పేరు తర్వాత చెప్పడానికి ఏమీ లేదని అప్పుడే తెలిసినట్టు, అలాగే ఉండిపోయాడు.

సహన అప్పటికే తలుపు దాటి మెట్ల మీదికి పరుగెత్తింది.

"అజ్జీ! ఒక్క నిమిషం నిలు అజ్జీ! లోపల అడుగుతాండారు!"